కొత్త కనెక్షన్‌కు ముందు అప్‌లోడ్ ఎంతో అడగండి

వ్యాఖ్యాత: నమస్కారమండీ. ఈ రోజు ఫోన్-ఇన్‌లో చిన్న ఆఫీసులకు ఎలాంటి ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకోవాలో మాట్లాడుకుందాం. ఆఫీసుల్లో నెట్‌వర్క్ పనులు చూసే ఇంజనీరు గారు మనతో ఉన్నారు. మొదటి కాల్ వచ్చింది. హలో, చెప్పండి.

మొదటి శ్రోత: నమస్కారం మేడమ్. మాది ఎనిమిది మంది పనిచేసే ఆడిటింగ్ ఆఫీసు. టీవీ కేబుల్ వాళ్ల ఇంటర్నెట్ ఉంది, వేగం 200 ఎంబీపీఎస్. అయినా వీడియో కాల్‌లో మా మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందంటున్నారు క్లయింట్లు. వాళ్ల మాట మాకు శుభ్రంగానే వస్తోంది. 500 ప్లాన్‌కు మారిపోదామనుకుంటున్నాం.

ఇంజనీరు: ఇప్పుడే మారకండి. సగం సమాధానం మీ మాటలోనే ఉందండీ. వాళ్ల మాట మీకు వస్తోంది, మీ మాటే వాళ్లకు చేరట్లేదు. అంటే వచ్చే దారి వెడల్పుగానే ఉంది, వెళ్లే దారి ఇరుకు. మీ అప్‌లోడ్ ఎంత?

మొదటి శ్రోత: బిల్లు మీద 200 అనే ఉందండీ.

ఇంజనీరు: అది డౌన్‌లోడ్. టీవీ కార్యక్రమాలు ఇళ్లకు చేర్చడానికి వేసిన తీగ కాబట్టి, అందులో ఎక్కువ చోటు మీ దగ్గరికి వచ్చే డేటాకే ఇచ్చారు. తిరిగి పంపడానికి మిగిలేది కొంచెమే. 500 ప్లాన్‌లో డౌన్‌లోడ్ పెరిగి అప్‌లోడ్ అలాగే ఉండిపోవచ్చు. ఆఫీసులో కెమెరాలున్నాయా?

మొదటి శ్రోత: నాలుగున్నాయి. ఇంటి నుంచి ఫోన్‌లో చూసుకుంటాను. రికార్డింగంతా క్లౌడ్‌లోకి వెళ్తుంది.

ఇంజనీరు: కారణం అక్కడే ఉందనిపిస్తోంది. ఒక పని చేయండి. ఒక కంప్యూటర్‌ను వైఫైలో కాకుండా వైరుతో రౌటర్‌కు కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. కెమెరాలు నడుస్తుండగా ఒకసారి, వాటి వైర్లు తీసేసి ఇంకోసారి. రెండుసార్లూ అప్‌లోడ్, పింగ్, అంటే ఒక సంకేతం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, రాసుకోండి.

వ్యాఖ్యాత: మీరు లైన్లోనే ఉండండి. ఈలోగా ఇంకో కాల్ తీసుకుందాం. హలో?

రెండో శ్రోత: హలో, నమస్తే అండీ. మా లెక్కల సాఫ్ట్‌వేర్ ఆఫీసులోని కంప్యూటర్‌లో ఉంటుంది. ఇద్దరు అమ్మాయిలు ఇంటి నుంచే దానిలోకి వచ్చి పనిచేసేవాళ్లు. ఫైబర్‌కు మారాక వేగం బాగుంది గానీ, బయటి నుంచి ఆఫీసు కంప్యూటర్ అందట్లేదు.

ఇంజనీరు: మీ తప్పేం లేదమ్మా. ఇంటర్నెట్‌లో పాత పద్ధతి చిరునామాలు, అంటే ఐపీవీ4వి, మొత్తం కలిపి సుమారు 430 కోట్లే. చాలవు కాబట్టి చాలా కంపెనీలు ఒకే చిరునామాను ఎంతోమంది వినియోగదారులకు పంచుతాయి. ఒకే ఇంటి నంబరు మీద వందల వాటాలున్నట్టు. లోపలివాళ్లు బయటికి వెళ్లగలరు, బయటివాళ్లు ఫలానా వాటా తలుపు తట్టలేరు. రౌటర్ సెట్టింగ్స్‌లో వాన్ ఐపీ, అంటే కంపెనీ మీ రౌటర్‌కు ఇచ్చిన చిరునామా, చూడండి. 100.64 నుంచి 100.127 లోపు అంకెతో మొదలైతే మీకు వచ్చింది పంచిన చిరునామానే.

రెండో శ్రోత: మరి ఏం అడగాలి వాళ్లను?

ఇంజనీరు: స్టాటిక్ ఐపీ, అంటే మారకుండా మీ ఒక్కరికే ఉండే చిరునామా, కావాలని అడగండి. అది వచ్చాక కూడా రిమోట్ డెస్క్‌టాప్‌ను, అంటే దూరం నుంచి ఆఫీసు కంప్యూటర్ వాడుకునే సదుపాయాన్ని, నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టకండమ్మా, ఇది గట్టిగా చెబుతున్నాను. అలా తెరిచి ఉన్న కంప్యూటర్ల కోసం రాత్రీ పగలూ వెతికే ప్రోగ్రాములున్నాయి. వీపీఎన్, అంటే ఇంటర్నెట్ మీదుగా ఆఫీసుకు వేసే రహస్య దారి, పెట్టించి, దాని ద్వారానే లోపలికి రానివ్వండి.

వ్యాఖ్యాత: మొదటి కాలర్ గారు సిద్ధంగా ఉన్నారు. చెప్పండి, ఏం వచ్చింది?

మొదటి శ్రోత: కెమెరాలు ఉన్నప్పుడు అప్‌లోడ్ 2, పింగ్ 340 మిల్లీసెకన్లు. తీసేశాక అప్‌లోడ్ 10, పింగ్ 18!

ఇంజనీరు: చూశారా! ఒక్కో కెమెరా సుమారు 2 ఎంబీపీఎస్ లాగుతోంది. నాలుగూ కలిసి 8. మీకున్నదే 10. మిగిలిన రెండులో ఎనిమిది మంది పని. దారి నిండితే మీ మాట రౌటర్ దగ్గరే వరుసలో నిలబడుతుంది. పింగ్ 340కి చేరింది అందుకే. ముందు కెమెరాల రికార్డింగ్ ఆఫీసులోనే ఒక హార్డ్ డిస్క్‌లోకి వెళ్లేలా పెట్టించండి. మీకు ఈ రోజే తేడా తెలుస్తుంది.

మొదటి శ్రోత: అయితే కొత్త కనెక్షన్ అక్కర్లేదా?

ఇంజనీరు: కావాలి. అంకె కాదు, రకం మారాలి. అప్‌లోడ్, డౌన్‌లోడ్ సమానంగా ఇచ్చే ఫైబర్ తీసుకోండి. ఎనిమిది మందికి అటు 100, ఇటు 100 ధారాళంగా సరిపోతుంది. 3 జీబీ ఫైలు పంపాలంటే 10 అప్‌లోడ్‌లో 40 నిమిషాలు, 100లో 4 నిమిషాలు. ఫైబర్ కూడా పూర్తిగా మీ ఒక్కరిదే కాదు, మామూలుగా ఒక పోగును 32 లేదా 64 కనెక్షన్లకు పంచుతారు. కాబట్టి మీ చుట్టుపక్కల ఆఫీసుల్లో అదే కంపెనీది వాడేవాళ్లను అడగండి, పని రద్దీగా ఉండే వేళ ఎలా ఉంటోందని.

వ్యాఖ్యాత: లైను పోతే ఎలా మేడమ్? చాలామంది భయం అదే.

ఇంజనీరు: అవునండీ, నాకు వేగం కంటే ఇదే ముఖ్యం. పన్ను రిటర్నులకు ఆఖరి రోజున లైను పోయి ఒక ఆఫీసంతా చేతులు కట్టుకు కూర్చోవడం కళ్లారా చూశాను. వాళ్లది ఇళ్లకిచ్చే ప్లాను. ఎప్పటిలోగా బాగుచేస్తారో కాగితం మీద ఎక్కడా లేదు. 99.5 శాతం పనిచేస్తుందని చెబితే గొప్పగా వినిపిస్తుంది. లెక్కేస్తే ఏడాదికి దాదాపు 44 గంటలు ఆగిపోవచ్చని అర్థం. అందుకే ఫిర్యాదు చేసిన ఎన్ని గంటల్లో బాగుచేస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట మీద సంతకం పెట్టొద్దు.

మొదటి శ్రోత: రెండో కంపెనీ ఫైబర్ కూడా పెట్టుకుంటే మంచిదా?

ఇంజనీరు: రెండు తీగలూ ఒకే కాలువలో నుంచి వస్తే, ఒక్క తవ్వకానికి రెండూ తెగుతాయి. దానికంటే సిమ్‌తో నడిచే 4జీ లేదా 5జీ కనెక్షన్ తోడు పెట్టుకోండి. ఒకటి పోగానే రెండోదానికి మారే రౌటర్లు ఉన్నాయి. రౌటర్‌కూ ఫైబర్ పెట్టెకూ చిన్న యూపీఎస్ కూడా ఉండాలి. ఫైబర్ తీగలో డేటా మోసే వెలుగు వస్తున్నా, పెట్టెకు కరెంటు లేకపోతే నెట్ రాదు.

మొదటి శ్రోత: పాత కనెక్షన్ వెంటనే తీసేయొచ్చా?

ఇంజనీరు: రెండు వారాలు ఉంచండి. మొదటి వారం కాల్స్ కొత్త లైన్లో, మిగతావన్నీ పాతదాంట్లో. రెండో వారం అన్నీ కొత్తదాని మీద వేసి, పని ఎక్కువున్న రోజు ఇదే స్పీడ్ టెస్ట్ మళ్లీ చేయండి. పింగ్ ఇప్పటిలా 18 దరిదాపుల్లోనే నిలిస్తే, అప్పుడు పాతది తీసేయమని రాసివ్వండి.

మొదటి శ్రోత: సరేనండీ, ఇవన్నీ రాసుకున్నాను.

వ్యాఖ్యాత: మూడో కాల్ వేచి ఉంది, తీసుకుందాం. హలో?