ఒక్క ప్రశ్న పట్టుకుని ఒక దేశంలోకి

అందరికీ నమస్కారం. ఈ సభలో టీచర్లున్నారు, తల్లిదండ్రులున్నారు. చిన్నపిల్లలకు మరో దేశాన్ని ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పాలన్నదే ఇవాళ నేను మాట్లాడబోయే విషయం.

మామూలుగా మనం ఏం చేస్తాం? జెండాకు రంగులు వేయిస్తాం, రాజధాని పేరు బట్టీ పట్టిస్తాం, ఆ దేశపు వేషం వేసి ఫోటో తీస్తాం. పిల్లలకు సరదాగానే ఉంటుంది. వారం తిరిగేసరికి మాత్రం ఏమీ మిగలదు. జెండాకూ రాజధానికీ వేషానికీ ఒకదానితో ఒకటి ఏం సంబంధమో మనం చెప్పలేదు కదా! ప్రతి దేశానికీ అక్కడి మనుషులు తప్పించుకోలేని సమస్య ఒకటి ఉంటుంది. దాన్ని పట్టుకోమంటాను నేను. లెక్కలు, సైన్సు, చరిత్ర, బొమ్మలు అన్నీ దాని వెంటే వస్తాయి.

నెదర్లాండ్స్‌నే తీసుకుందాం. ఆ దేశంలో దాదాపు నాలుగో వంతు నేల సముద్రమట్టానికి దిగువన ఉంది. ఏడేళ్ల పిల్లను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "సముద్రం పైన, ఊరు కింద ఉంటే అక్కడివాళ్లు మునిగిపోకుండా ఎలా ఉంటున్నారు?"

మొదట లెక్కలు. నేలకు 75 సెంటీమీటర్ల ఎత్తులో గోడమీద ఒక అడ్డగీత గీయండి. అది సముద్రమట్టం, సున్నా. ఒక మీటరుకు పది సెంటీమీటర్ల చొప్పున కొలవండి. ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయం స్కిపోల్ ఆ గీతకు సుమారు 35 సెంటీమీటర్ల కింద పడుతుంది. విమానాలు దిగే ఆ చోటు ఒకప్పుడు పెద్ద చెరువు అడుగు. 1849 నుంచి 1852 దాకా ఆవిరి యంత్రాలతో నీళ్లు తోడి దాన్ని ఎండగట్టారు. దేశంలో అన్నిటికన్నా పల్లపు చోటు గీతకు 67 సెంటీమీటర్ల కింద, ఇంచుమించు గది నేలను తాకుతుంది. రుణసంఖ్యలు అనే పేరు ఎత్తకుండానే పిల్ల సున్నాకు కిందికి లెక్కపెట్టడం నేర్చుకుంటుంది. ఐరోపాలోని ఆ దేశపు భాగంలో ఎత్తైన చోటు 322 మీటర్లు. దాన్నీ గీయమంటే గోడ చాలదు, 32 మీటర్ల పైన కావాలి. అప్పుడు పిల్లల్ని ఆటస్థలానికి తీసుకెళ్లి టేపుతో కొలిపించండి. నిజంగానే ఆమ్‌స్టర్‌డామ్ నగరపాలక భవనంలో ఆ సున్నా మట్టాన్ని చూపే ఇత్తడి గుర్తు ఒకటి ఉంది.

ఇక సైన్సు. అసలు ఆ నేల అంత కిందికి ఎలా పోయింది? పిల్లలు తప్పకుండా అడుగుతారు. చాలాచోట్ల అది కుళ్లిన మొక్కలు పేరుకుని ఏర్పడిన మెత్తటి నేల. దాంట్లో నీరే ఎక్కువ. సాగు కోసం కాలవలు తీసి నీటిని బయటికి పంపారు. నీరు పోయేసరికి నేల కుంచించుకుంది, గాలి తగిలి ఇంకా కుళ్లి తరిగిపోయింది. కిందికి దిగిన కొద్దీ మళ్లీ నీరు చేరింది, మళ్లీ తోడాల్సి వచ్చింది. తడి స్పాంజిని ట్రేలో పెట్టి ఎత్తు కొలవండి, ఎండాక మళ్లీ కొలవండి. ఆ తేడాను పిల్ల చేత్తో రాసుకున్నాక మీరు వేరే వివరించక్కర్లేదు.

అక్కడి గాలిమరలు ఎక్కువమందికి పోస్టుకార్డు బొమ్మలుగానే తెలుసు. ఒకప్పుడు వాటిలో చాలావాటి పని నీళ్లు తోడటం. చక్రంతో తోడే మర ఒక్కటి సుమారు మీటరున్నర ఎత్తుకే నీటిని లేపగలదు. మరి చెరువు లోతు నాలుగున్నర మీటర్లయితే? పిల్లల్ని ఆలోచించనివ్వండి. మెట్ల వరసలా మూడు మరలు కావాలని ఎవరో ఒకరు అంటారు. అక్కడివాళ్లు చేసిందీ అదే.

కథ చెప్పాలంటే బేమ్‌స్టర్ చెరువు ఉంది. 1607లో దాన్ని తోడటం మొదలుపెట్టారు. 1610లో పని దాదాపు అయిపోతుండగా తుఫానుకు కట్ట తెగి చెరువు మళ్లీ నిండింది. కట్టను ఇంకా ఎత్తు చేసి, 1612లో పూర్తి చేశారు. ఆ నేలను గళ్ల కాగితంలా చతురస్రాలుగా విభజించారు, ఇవాళ అది ప్రపంచ వారసత్వ స్థలం. మ్యాపు చూపించి, పిల్లలను తమ పొలాల గళ్లు తామే గీయనివ్వండి. తర్వాత రాయిస్‌డాల్ అనే 17వ శతాబ్దపు చిత్రకారుడి బొమ్మలు చూపండి. చాలావాటిలో సగానికి పైగా ఆకాశమే. ఎందుకు అని అడిగితే, కొండలు లేవు కదా అని వాళ్లే చెబుతారు.

సాంఘికశాస్త్రంలో నాకు బాగా నచ్చేది కట్ట ఆట. గుండ్రంగా కూర్చున్న పిల్లలకు కట్టలో తలా ఒక ముక్క అప్పగించాలి. ఒక్కరు తమ ముక్క బాగుచేసుకోకపోయినా అందరి పొలాలూ మునుగుతాయి. ఈ అవసరంలోంచే 13వ శతాబ్దం నుంచి అక్కడ నీటి మండళ్లు పుట్టాయి. ఇప్పటికీ వాటికి విడిగా ఎన్నికలు జరుగుతాయి.

కష్టమైన విషయం కూడా ఒకటి చెప్పాలి. 1953 జనవరి 31 రాత్రి తుఫానుకు కట్టలు తెగి నెదర్లాండ్స్‌లో 1,836 మంది చనిపోయారు. దాచొద్దు, భయపెట్టే ఫోటోలూ చూపొద్దు. గోడమీది గీత దగ్గరికే వెళ్లండి. ఆ రాత్రి నీరు సున్నాకు 4.55 మీటర్ల పైకి లేచింది. గీత పైన 45 సెంటీమీటర్లు కొలిస్తే ఏడేళ్ల పిల్ల నడినెత్తి దాకా వస్తుంది. పక్కన నిలబడి చూసుకున్న పిల్లకు అది చాలు.

ఆ తర్వాత ఊస్టర్‌స్కెల్డా అనే సముద్రపు పాయ ముఖద్వారాన్ని పూర్తిగా మూసేద్దామనుకున్నారు. ఉప్పునీరు పోతే ఆల్చిప్పలూ పోతాయని జాలర్లు, ప్రకృతిప్రేమికులు అడ్డుపడ్డారు. చివరికి తుఫాను వచ్చినప్పుడే దించే 62 తలుపులతో 1986లో అడ్డుకట్ట ప్రారంభమైంది. ఇక్కడ తరగతిని రెండు జట్లు చేసి వాదించుకోనివ్వండి. భాషకు ఇంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు.

ఒక జాగ్రత్త. ఏ దేశాన్నీ మెచ్చుకోలుతోనే ముగించకూడదు. బేమ్‌స్టర్‌కు పెట్టుబడి పెట్టినవాళ్లలో 1602లో నెదర్లాండ్స్‌లో ఏర్పడిన డచ్ ఈస్టిండియా కంపెనీ వర్తకులున్నారు. ఆ కంపెనీ 1621లో జాజికాయ కోసం ఇప్పటి ఇండోనేసియాలోని బాందా దీవుల ప్రజలను ఊచకోత కోసింది. ఏడేళ్లకు వద్దు, పది పన్నెండేళ్లకు తప్పకుండా చెప్పాలి. అలాగే ఆ దేశమంటే గాలిమరలే అనుకోనివ్వొద్దు. అక్కడి పిల్లలు సైకిలు మీద బడికి వెళతారు, ఈత నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. చుట్టూ ఇన్ని కాలవలున్నచోట ఈత ఎందుకు నేర్పుతారో మీ పిల్ల ఇప్పుడు చెప్పగలదు.

తర్వాత మరో దేశం ఎంచుకునేటప్పుడు కూడా జెండా కన్నా ముందు ప్రశ్న వెతకండి. ఐస్‌లాండ్ అయితే, అంత చలిలో ఇళ్లను వెచ్చబెట్టే వేడి భూమిలోంచి ఎలా వస్తోంది? ఈజిప్టు అయితే, వానే సరిగా పడని చోట వేల ఏళ్లుగా పంట ఎలా పండింది? జపాన్ అయితే, నేల కదిలే చోట ఇల్లు ఎలా కట్టాలి? ఏది ఎంచుకున్నా కనీసం మూడు నాలుగు వారాలు దాని మీదే ఉండండి. వారానికో దేశం అనే టైమ్‌టేబుల్ మాత్రం పెట్టుకోకండి.