ఫ్రీజర్‌కీ ట్యాంకుకీ మధ్య: చేపలకు ఫ్రోజెన్ ఫుడ్ పెట్టేముందు

వ్యాఖ్యాత: నమస్కారం. ఆక్వేరియం చేపలకు ఫ్రోజెన్ ఫుడ్, అంటే పురుగులు, రొయ్యల్లాంటి వాటిని ముక్కలుగా గడ్డకట్టించిన మేత, ఎలా పెట్టాలన్నది ఇవాళ్టి చర్చ. చేపలకు వైద్యం చేసే డాక్టర్ గారు, చాలా ఏళ్లుగా డిస్కస్ చేపలు పెంచుతున్న సార్ మనతో ఉన్నారు. సార్, ఎండు మేత గుళికలు, అదే పెల్లెట్లు, డబ్బాల్లో దొరుకుతుంటే ఈ ఐస్ ముక్కల శ్రమ ఎందుకండీ?

పెంపకందారు: తిండి మానేసిన చేప కోసమండీ. కొత్తగా తెచ్చిన డిస్కస్ ఒక మూలకు చేరి నల్లబడిపోతుంది, పెల్లెట్ వైపు కన్నెత్తి చూడదు. దాని ముందు బ్లడ్‌వర్మ్‌లనే సన్నటి ఎర్ర పురుగులు నాలుగు వదిలితే మెల్లగా ముందుకొస్తుంది. ఒకటి నోట్లోకి లాక్కుంటుంది, ఉమ్మేస్తుంది, మళ్లీ లాక్కుంటుంది. రెండోసారి మింగిందంటే నాకు ప్రాణం లేచొస్తుంది.

వైద్యురాలు: బతికున్న మేతతో వచ్చే పరాన్నజీవుల బెడద కూడా ఇందులో బాగా తగ్గుతుంది. అలాగని ఫ్రీజర్ అన్నింటినీ చంపేస్తుందనుకోవద్దు. బ్యాక్టీరియా చాలావరకు చావదు, ఎదుగుదల ఆగుతుందంతే. వెచ్చదనం తగలగానే మళ్లీ మొదలవుతుంది. నేను చూసే కేసుల్లో మేత చెడ్డదై వచ్చిన జబ్బులు తక్కువ. ప్యాకెట్ ఫ్రీజర్‌లోంచి బయటికొచ్చాక జరిగిన పొరపాట్లే ఎక్కువ.

వ్యాఖ్యాత: ముక్కను తెచ్చి నేరుగా ట్యాంకులో వేయడం లాంటివా?

వైద్యురాలు: అదే. చురుకైన చేపలు సగం గడ్డగా ఉన్న ముక్కనే కొరుక్కుతింటాయి, బిడియం ఉన్నవాటికి ఏమీ మిగలదు. కరిగిన రసం నీళ్లలో కలిసి, కుళ్లి, అమ్మోనియా అవుతుంది. అందులోని ఫాస్ఫేట్ నాచుకు ఎరువు.

పెంపకందారు: నేనేం చేస్తానో చెబుతాను. చిన్న గిన్నెలో ట్యాంకు నీళ్లే తీసుకుని ముక్క వేస్తాను. ముందు అంచులు వదులవుతాయి, నడుమ తెల్లగా గట్టిగానే ఉంటుంది. అప్పుడు వేలితో నొక్కితే పురుగులు చితికిపోతాయి, అందుకే ముట్టుకోను. కాసేపటికి అన్నీ విడివడి అడుగుకు చేరతాయి, నీళ్లు ఎర్రమట్టి రంగుకు తిరుగుతాయి. ఆ నీళ్లన్నీ సన్నటి జాలిలో వడకట్టి పారబోసి, పురుగులను ఇంకోసారి కడిగి, కొంచెం కొంచెంగా వదులుతాను. తొందరపడి వేడినీళ్లు పోయను, మైక్రోవేవ్ జోలికి అసలే పోను.

వ్యాఖ్యాత: ఆ రసంతో పోషకాలు కూడా పోతాయి కదా డాక్టర్ గారూ?

వైద్యురాలు: కొన్ని పోతాయి, కాదనను. అయినా నీళ్లు పాడవడం కన్నా అది చిన్న నష్టమే.

వ్యాఖ్యాత: ఏ చేపకు ఏది పెట్టాలి?

వైద్యురాలు: ఇక్కడే సార్‌తో నాకు కొంచెం తగాదా. బ్లడ్‌వర్మ్ అంటే చేపలకు పిచ్చి ఇష్టం, అందుకని రోజూ అదే పెడతారు. ఒక్క రకం మేత ఏ చేపకూ సరిపోదు. ఆర్టీమియా అని రొయ్యలాంటి చిన్న జీవి ఉంటుంది, బాగా ఎదిగినదాంట్లో నీళ్లే ఎక్కువ, స్పిరులినా అనే నాచు తినిపించి గడ్డకట్టించినదైతే నయం. పోషణ కోసమైతే మైసిస్ అనే చిట్టి రొయ్యలాంటి జీవి మేలు. డాఫ్నియా అనే నీటి పురుగు పెంకు పీచులా పనిచేస్తుంది, కడుపు ఉబ్బిన బెట్టాకు, అంటే ఫైటర్ చేపకు, అది మంచిది. మాలావి సరస్సులో రాళ్ల మీద నాచు గీక్కుతినే ఎంబూనా చేపలకు మాత్రం బ్లడ్‌వర్మ్ పెట్టకండి. వాటి పేగులు పొడవు, నాచుకు అలవాటుపడినవి.

పెంపకందారు: రోజూ అదే పెట్టకూడదన్నది నేనూ ఒప్పుకుంటానండీ. కానీ డిస్కస్ పిల్లలకు బీఫ్ హార్ట్ పెట్టాలి. ఎదుగుదల కళ్లకు కనబడుతుంది.

వైద్యురాలు: ఎదుగుతాయి సార్. కానీ అది క్షీరదాల కొవ్వు, చేపలకు అంతగా పడదు. కొవ్వంతా తీసేసి, అప్పుడప్పుడు పెడితే నాకు అభ్యంతరం లేదు. ఇంకో సంగతి. పెద్ద మాంసాహారి చేపలకు కొన్ని రకాల పచ్చి చేపలను, రొయ్యలను గడ్డకట్టించి అవే నెలల తరబడి వేస్తుంటారు. వాటిలో థయమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది విటమిన్ బి1ను నాశనం చేస్తుంది. ఫ్రీజర్‌లో పెట్టినా ఆ ఎంజైమ్ పోదు. అలాంటి చేప మొదట తిండి మానేస్తుంది, తర్వాత ఈత అదుపు తప్పుతుంది. యజమానులు నీళ్లు పరీక్షిస్తూ కూర్చుంటారు, మేత సంగతి ఎవరికీ తట్టదు.

వ్యాఖ్యాత: మరి పెట్టేవాళ్లకు ఏమైనా ఇబ్బందా?

వైద్యురాలు: బ్లడ్‌వర్మ్‌కు ఆ ఎరుపు హీమోగ్లోబిన్ వల్ల వస్తుంది. అదే కొందరికి అలర్జీ తెస్తుంది. దురద, తుమ్ములు, కొందరికి ఆయాసం కూడా. గ్లవ్స్ వేసుకోండి, లేదా పట్టకారుతో తీయండి.

వ్యాఖ్యాత: ఒక సందేహం, ఇది నాదే. మొన్న మా ఇంట్లో కరెంటు పోయింది. వచ్చాక చూస్తే ప్యాకెట్‌లో ముక్కలన్నీ కలిసిపోయి ఒకే గడ్డ అయ్యాయి, పైన మంచు పొర కట్టింది.

వైద్యురాలు: అంటే పూర్తిగా కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట. ఎంతసేపు పోయింది కరెంటు?

వ్యాఖ్యాత: రాత్రంతా.

వైద్యురాలు: దాంట్లోంచి ఇప్పటికే పెట్టారా?

వ్యాఖ్యాత: ఇంకా లేదండీ.

వైద్యురాలు: అయితే పెట్టకండి. ఇంటికెళ్లగానే ఆ ప్యాకెట్ పారేయండి.