రెండో ప్రశ్న అడిగేదెవరు?

(తెరపై: నలుపు తెలుపు ఫొటో. పొడవాటి బల్ల, మైకులు, సాక్షి కుర్చీ.)

1973 జులై 16. వాషింగ్టన్‌లో వాటర్‌గేట్ వ్యవహారంపై, అంటే ప్రతిపక్ష పార్టీ ఆఫీసులోకి అధ్యక్షుడు నిక్సన్ మనుషులు చొరబడిన కేసుపై, సెనేట్ కమిటీ విచారణ టీవీలో ప్రత్యక్షంగా వస్తోంది. సాక్షి కుర్చీలో అలెగ్జాండర్ బటర్‌ఫీల్డ్ ఉన్నారు. అప్పటికి ఆయన పౌర విమానయాన విభాగానికి అధిపతి, అంతకుముందు అధ్యక్షుడు నిక్సన్‌కి సహాయకుడు. అధ్యక్షుడి ఆఫీసులో మాటలు రికార్డు చేసే పరికరాలున్న సంగతి మీకు తెలుసా అని కమిటీ న్యాయవాది అడిగారు. తెలుసన్నారు ఆయన.

అప్పటిదాకా ఒకరి మాటకి ఇంకొకరి మాట పోటీ. ఆ జవాబుతో అసలు సాక్ష్యం టేపుల్లో ఉందని దేశమంతటికీ తెలిసిపోయింది. టేపులు అప్పగించాల్సిందేనని 1974 జులై 24న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆగస్టు 9న నిక్సన్ పదవి వదిలారు.

(తెరపై: మూసిన తలుపు.)

టీవీలో అందరూ చూసింది ఇది. నాకు దీనికన్నా ముఖ్యం అనిపించేది మూడు రోజుల ముందు, కెమెరాలు లేని గదిలో జరిగింది. అంతకు కొద్ది వారాల ముందు వైట్‌హౌస్ మాజీ న్యాయవాది జాన్ డీన్ తన సాక్ష్యంలో ఒక అనుమానం చెప్పారు: తనతో మాట్లాడేటప్పుడు అధ్యక్షుడు ఆ మాటలు రికార్డు చేస్తున్నారేమో అనిపించిందని. బటర్‌ఫీల్డ్‌ని ప్రశ్నిస్తున్న కమిటీ సిబ్బందిలో ఒకరు దాన్ని మర్చిపోలేదు. ఆ అనుమానానికి ఆధారం ఏమైనా ఉందా అని అడిగారు. అంతే. పాత సాక్ష్యాన్ని శ్రద్ధగా చదివిన మనిషి అడిగిన రెండో ప్రశ్న అది.

చట్టసభల విచారణ అంటే గట్టిగా అరవడం అనుకుంటాం. అరుపులు ఆ రోజు వార్తల వరకే. పెద్ద అధికారి ప్రతి సంఖ్యకీ ఒక ఫైలు పట్టుకుని, మొదటి ప్రశ్నకి జవాబు తయారు చేసుకునే వస్తారు. నీళ్లు నమలడం మొదలయ్యేది ఆ జవాబు మీద ఇంకో ప్రశ్న పడ్డప్పుడే.

అడిగినంత మాత్రాన సరిపోతుందా? సరిపోదు. 2013 మార్చి 12న అమెరికా జాతీయ నిఘా డైరెక్టర్ జేమ్స్ క్లాపర్‌ని సెనేటర్ రాన్ వైడెన్ సూటిగా అడిగారు: కోట్లాది అమెరికన్ల సమాచారం ఏదైనా సేకరిస్తున్నారా అని. ఆ ప్రశ్న ఒక రోజు ముందే ఆయనకి పంపారు. అయినా లేదన్నారు, తెలిసి చేయడం లేదన్నారు. జూన్‌లో, నిఘా సంస్థ రహస్యాలు బయటపెట్టిన మాజీ కాంట్రాక్టు ఉద్యోగి స్నోడెన్ పత్రాలు బయటికొచ్చాక తన జవాబు తప్పని ఒప్పుకుంటూ కమిటీకి లేఖ రాశారు. కేసు మాత్రం పెట్టలేదు. చట్టసభకి అబద్ధం చెబితే ఐదేళ్ల దాకా శిక్ష పడే దేశం అది.

(తెరపై: సంతకం చేసిన లేఖ.)

బ్రిటన్ పద్ధతి వేరు, నా దృష్టిలో చాలా బలమైనది కూడా. అక్కడ ప్రభుత్వ ఖర్చుల్ని పరిశీలించే పార్లమెంటు పద్దుల కమిటీ 1861లోనే ఏర్పడింది. శాఖ ఖర్చుకి శాఖలోని అత్యున్నత అధికారే స్వయంగా, తన పేరు మీద జవాబుదారీ. మంత్రి చెప్పిన పని డబ్బు దండగని ఆ అధికారికి అనిపిస్తే, రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వమని అడగాలి. ఇచ్చిన ఆదేశం ఆడిటర్ జనరల్‌కి చేరుతుంది. ఆ కాగితం ఉంటే బాధ్యత మంత్రిది. లేకపోతే, మంత్రిగారు చెప్పారు, నేను చేశాను అనే మాట కమిటీ ముందు చెల్లదు. సీటు మారిపోయిన పాత అధికారుల్ని వెనక్కి పిలిచి అడిగిన సందర్భాలూ అక్కడ ఉన్నాయి.

మన పార్లమెంటులో ప్రజా పద్దుల కమిటీ ఉంది. లోక్‌సభ నుంచి 15 మంది, రాజ్యసభ నుంచి 7గురు, మొత్తం 22 మంది. మంత్రులకి చోటు లేదు. 1967 నుంచి ఛైర్మన్ పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికలోని పేరాలు పట్టుకుని శాఖ సెక్రటరీని పిలిచి అడుగుతారు. అయితే ఇదంతా మూసిన తలుపుల వెనకే. తలుపు మూస్తే సభ్యులు పార్టీ గోల పక్కనబెట్టి అడుగుతారన్న వాదనలో నిజముంది. కానీ ఏ జవాబు దగ్గర ఎవరు తడబడ్డారో ఓటరుకి కనబడదు. సాక్షుల పూర్తి మాటలైనా తర్వాత అచ్చువేసి బయటపెట్టాలని నేను గట్టిగా అనుకుంటున్నాను.

(తెరపై: కమిటీ నివేదిక పుటలు.)

మన దగ్గర రెండో ప్రశ్న కాగితం మీద కనిపిస్తుంది. కమిటీ నివేదిక వచ్చిన ఆరు నెలల్లో ఏం చేశారో ప్రభుత్వం చెప్పాలి. దాని మీద కమిటీ మళ్లీ ఇంకో నివేదిక ఇస్తుంది, పేరు యాక్షన్ టేకెన్ రిపోర్ట్. పార్లమెంటు వెబ్‌సైట్‌లో ఎవరైనా తెరిచి చదవొచ్చు. రెండో అధ్యాయంలో ప్రభుత్వం ఒప్పుకున్న సిఫార్సులు ఉంటాయి, దాన్ని దాటేయండి. ప్రభుత్వం చెప్పిన జవాబు ఒప్పుకోం, మళ్లీ చెబుతున్నాం అని కమిటీ తేల్చినవి నాలుగో అధ్యాయంలో ఉంటాయి. ఐదోదాంట్లో ఉండేవి ఇప్పటికీ పూర్తి జవాబు రానివి.