గంట విని గడియారం కొనండి

శ్రోతలకు నమస్కారం.

మన భాషలో గంట అనే మాట ఉంది చూశారూ, గుడిలో మోగేదీ గంటే, అరవై నిమిషాలూ గంటే. "ఎన్ని గంటలయింది?" అని అడిగామంటే ఎన్నిసార్లు మోగిందని అడిగినట్టే. కాలాన్ని చూడటం మనకి తర్వాత వచ్చిన అలవాటు. వినడం పాత అలవాటు. ఈ పూట ఆ వినే గడియారాల గురించి, అంటే పాతకాలపు మోగే గడియారం ఒకటి ఇంటికి తెచ్చుకోవాలనుకునే వాళ్ళకోసం నాలుగు మాటలు చెబుతాను.

బందరులో మా పుట్టింటి వసారా గోడకి లోలకం గడియారం ఉండేది. ఆదివారం పొద్దున నాన్నగారు స్టూలెక్కి దానికి కీ ఇచ్చేవారు. ఇంకెవరూ ముట్టుకోకూడదు. రోజూ 6 గంటల 45 నిమిషాలకి విజయవాడ నుంచి ప్రాంతీయ వార్తలు మొదలవగానే ఒక చెవి రేడియో మీద, ఒక కన్ను గడియారం మీద వేసి, తేడా ఉంటే పెద్దముల్లుని వేలితో కాస్త జరిపేవారు. రేడియో గడియారాన్ని దిద్దేది, గడియారం మమ్మల్ని దిద్దేది. రాత్రి మెలకువ వస్తే టైము తెలియడానికి కళ్ళు తెరవక్కర్లేదు. ఒక్క దెబ్బ వినిపిస్తే మాత్రం చిక్కే. పన్నెండున్నరకీ ఒక్కటే, ఒంటిగంటకీ ఒక్కటే, ఒకటిన్నరకీ ఒక్కటే. అదేదో తేలేదాకా నాకు నిద్ర పట్టేది కాదు.

అది గంటలు కొట్టే గడియారం. గంటకి గంట, అరగంటకి ఒక్క దెబ్బ, అంతే. పావుగంట పావుగంటకీ పాట పాడేవి వేరే ఉన్నాయి. రెండింటినీ గుర్తుపట్టడం కష్టం కాదు. డయల్ మీద కీ పెట్టే కన్నాలు లెక్కపెట్టండి. సాధారణంగా ఒకటే ఉంటే టైము మాత్రం చూపిస్తుంది. రెండుంటే గంటలు కొడుతుంది. మూడుంటే పాడుతుంది. మూడు కన్నాల వెనక మూడు స్ప్రింగులు ఉంటాయి. మధ్యది ముళ్ళని నడిపిస్తుంది, ఒక పక్కది గంటలు కొడుతుంది, ఇంకో పక్కది పాట పాడుతుంది. మూడింటికీ విడివిడిగా కీ ఇవ్వాలి.

నేను ముప్పై ఏళ్ళు పిల్లలకి సంగీతం చెప్పినదాన్ని. అందుకే ఈ పాడే గడియారం మీద నాకింత మోజు. ఎక్కువ గడియారాల్లో వినిపించే ఆ పాట పేరు వెస్ట్‌మిన్‌స్టర్. లండన్‌లో పార్లమెంటు గడియారం 1859 నుంచీ పాడుతున్నది అదే. అయితే పుట్టింది అక్కడ కాదు, కేంబ్రిడ్జిలో, గ్రేట్ సెయింట్ మేరీ అనే చర్చి కోసం, 1793లో. మొత్తం నాలుగే స్వరాలు. మన సరిగమల్లో చెప్పుకుంటే స, రి, గ, కింద మంద్రస్థాయిలో ప. మధ్యమం లేదు, ధైవతం లేదు, నిషాదం లేదు. మోహనం అనుకున్నా సరిపోతుంది, శంకరాభరణం అనుకున్నా సరిపోతుంది.

పావుకి నాలుగు స్వరాలు: గ రి స ప. అక్కడ పంచమం మీద ఆగుతుంది. ఆగినట్టు ఉండదు, ఎవరో గుమ్మంలో నిలబడిపోయినట్టు ఉంటుంది. అరగంటకి ఎనిమిది: స గ రి ప, స రి గ స. షడ్జమం మీద కాస్త కూర్చుంటుంది. ముప్పావుకి పన్నెండు: గ స రి ప, ప రి గ స, గ రి స ప. మళ్ళీ లేచి గుమ్మంలోకి వెళ్ళిపోయింది చూడండి, పంచమం మీద. ఇక నిండు గంటకి పదహారు: స గ రి ప, స రి గ స, గ స రి ప, ప రి గ స. షడ్జమానికి చేరింది. ఇంటికొచ్చింది. ఒక్క క్షణం మౌనం, ఆ తర్వాత గంటలు. ఈ నడక తెలిశాక గడియారం వైపు చూడక్కర్లేదు. పాట ఎంతసేపు సాగి ఎక్కడ ఆగిందో విన్నామంటే పావో, అరో, ముప్పావో తెలిసిపోతుంది.

నా మొదటి గడియారం కథ చెబుతాను. హైదరాబాదు వచ్చిన కొత్తలో, పాతసామాన్ల కొట్లో ఒకటి కనబడింది. టేకు పెట్టె, మూడు కన్నాలు, తళతళలాడే పాలిష్. కొట్టాయన పెద్దముల్లుని మూడు మీదకి తిప్పాడు. గ రి స ప. ఎంత తియ్యగా మోగిందో! బేరం కూడా సరిగ్గా ఆడలేదు, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను. ఇంట్లో పావుకి బాగా పాడింది. అరగంటకీ బాగానే పాడింది. ముప్పావుకి నెమ్మదించింది. గంటకి వచ్చేసరికి స గ రి ప అంది, స రి గ స అంది, గ... స... అని కుంటుకుంటూ వెళ్ళి, రి దగ్గర ఆగిపోయింది. గంటలు కొట్టలేదు. ఆ రి అలా గాలిలో ఉండిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

మా వీధి చివర గడియారాలు బాగుచేసే సాయిబు గారు ఉండేవారు. ఆయన దగ్గరికి పట్టుకెళ్ళాను. మిషను బయటికి తీసి, ఖాళీ పెట్టెని వెలుతురుకి పెట్టి చూశారు. వెనక పలక మీద లప్పం పెట్టి పూడ్చిన పాత స్క్రూ కన్నాలు, వాటి పక్కనే కొత్త కన్నాలు. "అమ్మా, ఈ పెట్టె ఒక తల్లి బిడ్డ, ఈ మిషను ఇంకో తల్లి బిడ్డ. ఇద్దర్నీ తెచ్చి ఒకచోట కట్టేశారు" అన్నారు. పాట పాడే స్ప్రింగు ఎప్పుడో తెగితే, తెగిన మేరకి కోసేసి మళ్ళీ తగిలించారట. పొట్టిదైపోయింది. నాలుగు స్వరాలకి చాలిన బలం పదహారు స్వరాలకి చాలలేదు.

అప్పుడాయన చెప్పిన మాటే ఈ ప్రసంగమంతా. "అమ్మా, పావు ఏ గడియారమైనా పాడుతుంది. మీరు పన్నెండు వినాలి."

పన్నెండే ఎందుకంటే, పాడే గడియారానికి రోజు మొత్తంలో బరువైన పని పన్నెండింటికే పడుతుంది. ముందు పదహారు స్వరాలు పాడాలి. ఆ పాట అవగానే గంటల స్ప్రింగు అందుకుని పన్నెండు దెబ్బలు కొట్టాలి. ఇదంతా జరుగుతున్నంతసేపూ లోలకం తడబడకూడదు. మూడు స్ప్రింగులూ ఒకరి చేతిలోంచి ఒకరు పని అందుకునేది నిండు గంటకే. అందులో పెద్ద గంట పన్నెండు. దాన్ని దాటిందంటే మిగతావన్నీ దాటుతుంది.

రెండోసారి సాయిబు గారిని బతిమాలి వెంట తీసుకెళ్ళాను. పాతబస్తీలో ఇంకో కొట్టు. పదకొండున్నర ముందే చేరాం. అల్మారా మీద జర్మనీలో చేసిన యుంగ్‌హాన్స్ గడియారం, డయల్ మీద నక్షత్రం గుర్తు, మధ్యలో జె అక్షరం. బ్లాక్ ఫారెస్ట్ ప్రాంతంలో ష్రాంబెర్గ్ అనే ఊళ్ళో 1861లో పెట్టిన కంపెనీ అది. పెట్టె ఏమంత అందంగా లేదు, ఒక మూల చెక్క పొర లేచిపోయింది. ఆయన దానికి మూడు కన్నాల్లోనూ కీ ఇచ్చి, కొట్టాయన దగ్గర టైము అడిగి, ముల్లుని సరిపెట్టి, "చాయ్ తెప్పించండి, కూర్చుంటాం" అన్నారు. ముల్లు తిప్పి వినిపించబోతే వద్దన్నారు. తనంతట తాను పాడాలి, మన చెయ్యి పడకూడదు.

పదకొండున్నర దాటింది, ఎనిమిది స్వరాలు. ఫరవాలేదు. తర్వాత పావుగంట సేపు ఏమీ లేదు, టిక్కు టాక్కు తప్ప. ఆ పావుగంటే నేను నేర్చుకున్న పాఠం. సాయిబు గారు కళ్ళు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను. లోలకం చప్పుడు వినిపించడం మొదలైంది. ఒక అడుగుకీ ఇంకో అడుగుకీ మధ్య ఎడం సమానంగా ఉందా లేదా అన్నదే ఆయన వింటున్నది. టిక్కు, టాక్కు, టిక్కు, టాక్కు అని సమంగా నడిస్తే ఆరోగ్యం. టిక్-టాక్కు, టిక్-టాక్కు అని కుంటితే గడియారం వంకరగా కూర్చుందన్నమాట. ఆయన లేచి గడియారం ఎడమ కాలి కింద కాగితం మడతపెట్టి తోశారు. నడక సర్దుకుంది. జబ్బు కాదు, కూర్చున్న చోటు తేడా, అంతే.

పదకొండు ముప్పావు. పన్నెండు స్వరాలు, ఒక్కటీ వెనకబడలేదు. కొట్టాయన మళ్ళీ చాయ్ పంపించాడు. తర్వాత పన్నెండు. స గ రి ప, నేను లోపల తాళం వేస్తున్నాను. స రి గ స. గ స రి ప. చివరి వరసకి వచ్చేసరికి ఊపిరి బిగబట్టాను. ప రి గ స. అదే కాలప్రమాణం, మొదట ఎత్తుకున్న వేగంతోనే ముగించింది. ఒక్క క్షణం ఆగి, లోతైన గొంతుతో ఒకటి, రెండు, మూడు... పన్నెండు. పన్నెండోదాని నాదం కొట్లో ఇత్తడి సామాన్ల మధ్య చాలాసేపు తిరిగింది. సాయిబు గారు కళ్ళు తెరిచి, "ఇప్పుడు బేరం ఆడండి" అన్నారు.

అది ఇప్పటికీ మా ముందుగదిలో ఉంది. పొద్దున 6 గంటల 45 నిమిషాలకి అది పన్నెండు స్వరాలు పాడుతుంది, పక్కన రేడియోలో వార్తలు మొదలవుతాయి. నాన్నగారు వింటే బావుండేదనిపిస్తుంది.

మీరు కొట్టుకి వెళితే ఇంకొన్ని చూసుకోండి. వెనక తలుపు తీయించండి. సుత్తులు తగిలేది సన్నటి లోహపు కడ్డీలకి. ఒక కడ్డీ విరిగి, దాని బదులు వేరేది వేసి ఉంటే అపస్వరం వస్తుంది. పాడటం రానివాళ్ళకి కూడా గ రి స ప నాలుగుసార్లు వింటే ఏది తేడాగా ఉందో తెలుస్తుంది. పూడ్చిన కన్నాలున్నాయేమో చూడండి. కోస్తా ఊళ్ళ నుంచి వచ్చిన గడియారమైతే స్ప్రింగుల మీద తుప్పు, ఎక్కడిదైనా సరే పెట్టె అడుగున చెదలు. పాలిష్ చూసి మోసపోకండి. పాలిష్ వారం రోజుల పని, స్వరం వందేళ్ళ పని. ఇది నా అభిప్రాయం.

ఇంటికి తెచ్చాక చేసే తప్పులు మూడు నాలుగు ఉన్నాయి. ముల్లుని వెనక్కి తిప్పకండి. గడియారం ముందుంటే లోలకాన్ని కాసేపు ఆపండి. వెనకుంటే ముల్లుని ముందుకే తిప్పండి, ప్రతి పావు దగ్గరా ఆగి పాట పూర్తి కానివ్వండి. కొబ్బరినూనె చుక్క వేయకండి. నాలుగు రోజులు హాయిగా తిరుగుతుంది, తర్వాత జిగురై దుమ్ము పట్టి అరగదీస్తుంది. గడియారాల నూనె వేరే ఉంది, అది కూడా తెలిసినవాళ్ళే వేయాలి. స్ప్రింగు విప్పే పని అసలు పెట్టుకోకండి, అందులో చెయ్యి చీల్చేసేంత బలం ఉంటుంది. "కీ ఎక్కువిచ్చేశారు, అందుకే ఆగింది" అంటుంటారు. నిండా కీ ఇచ్చినందువల్ల గడియారం పాడవదు. ఎండిపోయిన నూనె వల్ల ఆగుతుంది. వారానికి ఒకరోజు, అదే రోజు, మూడు కన్నాల్లోనూ నిండా ఇవ్వండి.

ఎండాకాలంలో వెనకబడుతుంది, కంగారుపడకండి. వేడికి లోలకం కడ్డీ సాగుతుంది, పొడుగైన లోలకం మెల్లగా ఊగుతుంది. ఉక్కు కడ్డీ అయితే, చలికాలానికీ మే నెలకీ 15 డిగ్రీల తేడా ఉంటే, రోజుకి 7 సెకన్ల పైన వెనకబడుతుంది. వారానికి దాదాపు ఒక నిమిషం. లోలకం కింద చిన్న మర ఉంటుంది. బిళ్ళని కాస్త పైకి ఎత్తితే వేగం పెరుగుతుంది, కిందికి దించితే తగ్గుతుంది. అరచుట్టు తిప్పి రెండు రోజులు ఆగండి. ఒకే రోజు మూడుసార్లు తిప్పకండి.

ఎన్ని కొనాలని అడుగుతారు. పాడేది ఇంటికి ఒకటి చాలంటాను నేను. వెస్ట్‌మిన్‌స్టర్ పాట రోజుకి 960 స్వరాలు, ఆపైన 156 గంటలు. రెండుంటే ఒకదాని షడ్జమం మీద ఇంకోదాని పంచమం పడి రెండూ చెడతాయి. సేకరించాలన్న కోరిక బలంగా ఉంటే రెండోదానికి పాట ఆపే మీట ఉందో లేదో చూసుకుని తీసుకోండి. పడగ్గది గోడకి మాత్రం వద్దు. రెండు గదుల అవతల నుంచి వినిపిస్తేనే ఈ పాట అందం.

చాలా గడియారాలు ఒకచోట వినాలనిపిస్తే సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళండి. కలకత్తా కుక్ అండ్ కెల్వీ వాళ్ళ దగ్గర నుంచి వచ్చిన గడియారం ఉంది కదా, గంట గంటకీ గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొట్టేది. జనం ముందుగానే వచ్చి బెంచీల మీద కూర్చుంటారు. పిల్లలు కూడా గొడవ చేయరు. నేను వెళ్ళింది పన్నెండింటికే.

నాకిచ్చిన సమయం పావుగంట, అయిపోవచ్చింది. ఈపాటికి మా ముందుగదిలో నాలుగు స్వరాలు మోగి ఉంటాయి. గ రి స ప.

సెలవు.