రెండు పేజీల ముందుమాట

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ అధ్యక్షులవారు చెప్పేశారు, నేను మళ్లీ చెప్పను. పిలిచినందుకు కృతజ్ఞతలు. అయితే ఒక మాట ముందే అనేస్తాను, లేకపోతే ప్రసంగమంతా అది గొంతులో అడ్డం పడుతూనే ఉంటుంది. నా వెనక బ్యానర్ మీద ‘బద్ధకాన్ని జయించండి’ అని రాశారు. నన్ను మాట్లాడమన్నది మాత్రం పనులు వాయిదా వేయడం గురించి. ఈ రెండూ ఒకటి కాదు. ఒకటే అనుకుని ఎంతమంది ఏళ్ల తరబడి తమను తాము తిట్టుకుంటూ బతుకుతున్నారో తలుచుకుంటే నాకు బాధేస్తుంది. నేనూ అలా బతికినవాణ్ణే.

ఈ చిక్కు కొంత మన మాటల్లోనే ఉంది. సంస్కృతంలో ‘ఆలస్యం’ అంటే సోమరితనం. తెలుగులోకి వచ్చాక అది జాప్యం అయి కూర్చుంది. రైలు ఆలస్యమైతే రైలుకు బద్ధకమని ఎవరూ అనరు. మనిషి ఆలస్యం చేస్తే మాత్రం పాత అర్థం వచ్చి నెత్తిన పడుతుంది. మహాభారతం ఉద్యోగపర్వంలో, బాగుపడాలనుకునేవాడు వదులుకోవాల్సిన ఆరు దోషాలను విదురుడు ధృతరాష్ట్రుడికి చెబుతాడు: నిద్ర, తంద్ర (అంటే కునికిపాటు), భయం, క్రోధం, ఆలస్యం, దీర్ఘసూత్రత. ఆలస్యమంటే ఇక్కడ సోమరితనం. దీర్ఘసూత్రత అంటే దారాన్ని సాగదీసినట్టు పనిని సాగదీయడం, మన మాటలో నాన్చుడు. రెండూ ఒకటే అయితే విదురుడు ఐదు దోషాలతోనే ఆపేవాడు కదా! భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయంలో తామస కర్తను వర్ణించే చోట కూడా ‘అలసః’ వేరు, ‘దీర్ఘసూత్రీ’ వేరు. ఈ దీర్ఘసూత్రికి సరిగ్గా ముందున్న మాట ఏమిటో తెలుసా? ‘విషాదీ’. నాన్చేవాడి పక్కన దిగులుపడేవాణ్ణి కూర్చోబెట్టారు. ఆ పొరుగు ఊరికే కుదిరిందంటే నేను నమ్మను.

ఎందుకు నమ్మనో చెప్పాలంటే నా సంగతి చెప్పాలి.

నాకో స్నేహితుడు ఉన్నాడు. కాలేజీలో ఇద్దరిదీ ఒకే బెంచీ. యాభై దాటాక తన కథలన్నీ ఒకచోట చేర్చి మొదటి పుస్తకం వేసుకుంటున్నాడు. టైపు కాగితాలు ఖాకీ కవర్లో పెట్టి, తెల్ల దారం చుట్టి పంపాడు. లోపల చిన్న చీటీ: “ముందుమాట నువ్వే రాయాలి. రెండు పేజీలు చాలు. తొందరేం లేదు.”

పొంగిపోయాను. ఆ రాత్రే సగం కథలు చదివేశాను. బాగున్నాయి. బాగుండటం వల్లే భయం పట్టుకుంది. వీటికి తగ్గట్టు నేను రాయగలనా? ఆదివారం తీరిగ్గా కూర్చుందాం అనుకున్నాను. ఆదివారం వచ్చింది. పెన్ను పట్టుకుంటే కడుపులో రాయి పడినట్టయింది. లేచి వెళ్లి బీరువా సర్దడం మొదలుపెట్టాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా, ఒళ్లు వంచి, ప్రతి కాగితమూ దులిపి సర్దాను. ఆలోచించండి, బద్ధకస్తుడు చేసే పనా అది?

కవరు బల్ల మీంచి అరలోకి వెళ్లింది. అరలోంచి పాత పత్రికల కిందికి వెళ్లింది. కంటపడితే గుండె ఝల్లుమనేది కాబట్టి కంటపడని చోటు వెతికేవాణ్ణి. మొదటి వారంలో నేను రాయాల్సింది రెండు పేజీలు. నెల తిరిగేసరికి రెండు పేజీలూ, ఒక క్షమాపణా. మూడు నెలలయ్యేసరికి, ఇంతకాలం ఆపినందుకు సాకుగా చూపించగలిగేంత గొప్ప రెండు పేజీలు! ముందుమాట ముందున్నంతే ఉంది. దాని మీద భయం వడ్డీలా పెరిగిపోయింది. ఒకసారి ఫోన్ చేస్తే “అయిపోవచ్చింది” అన్నాను. అబద్ధం. ఒక్క వాక్యం కూడా లేదు. రెండోసారి ఫోన్ మోగుతుంటే తెర మీద వాడి పేరు చూస్తూ, అది ఆగిపోయేదాకా అలాగే కూర్చున్నాను.

ఏడు నెలలకు పుస్తకం పోస్టులో వచ్చింది. ముందుమాట లేదు. అట్ట తిప్పితే నేరుగా మొదటి కథ. లోపలి పేజీలో వాడి చేతిరాత: “నా మొదటి పాఠకుడికి, ప్రేమతో.” ఒక్క నిష్ఠూరం కూడా లేదు.

ఆ ఏడు నెలల్లో నేను ఉద్యోగం ఒక్కరోజు ఎగ్గొట్టలేదు. ముక్కూమొహం తెలియనివాళ్ల పుస్తకాలకు సమీక్షలు రాశాను. ప్రాణానికి ప్రాణమైనవాడికి మాత్రం రాయలేకపోయాను. ఎందుకు? ఈ ప్రశ్న పట్టుకునే తర్వాత చాలా చదివాను. 2013లో ఫ్యూషియా సిరోయ్, తిమోతీ పిచిల్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు ఒక వ్యాసం రాశారు. వాయిదా అంటే గడియారంతో వచ్చిన గొడవ కాదు, మనసులో చెలరేగే భావాలను సముదాయించుకోలేకపోవడం అని అందులోని సారాంశం. మనం పారిపోయేది పని నుంచి కాదు, ఆ పని తలుచుకోగానే కలిగే బెరుకు నుంచి, విసుగు నుంచి, చిన్నతనం నుంచి. ‘రేపు చేద్దాంలే’ అనగానే ఆ క్షణంలో నిజంగానే హాయిగా ఉంటుంది. ఆ హాయికి మనసు అలవాటు పడుతుంది. మర్నాడు మళ్లీ అదే కావాలంటుంది.

ఆ హాయి అబద్ధం కాదు, అప్పు. 1997లో డయాన్ టైస్, రాయ్ బామైస్టర్ విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలో ఇదే తేలింది. నాన్చే అలవాటున్నవాళ్లు కోర్సు మొదట్లో మిగతావాళ్ల కంటే నిశ్చింతగా, ఆరోగ్యంగా ఉన్నారు. చివరికొచ్చేసరికి ఎక్కువ ఒత్తిడి, ఎక్కువ అనారోగ్యం, తక్కువ మార్కులు.

చదువుకున్నవాళ్లకు ఇది రాదనుకోకండి. జార్జ్ అకెర్లాఫ్ అనే ఆర్థికవేత్త, 2001లో నోబెల్ అందుకున్నాయన, భారతదేశంలో ఒక ఏడాది ఉన్నారు. చూడటానికి వచ్చిన మిత్రుడు జోసెఫ్ స్టిగ్లిట్జ్ తన వెంట తీసుకెళ్లలేక ఒక బట్టల పెట్టె వదిలి వెళ్లారు. దాన్ని అమెరికాకు పంపాలి. ఎనిమిది నెలలకు పైగా రోజూ పొద్దున లేచి ‘రేపు పంపుతాను’ అనుకున్నానని ఆయనే 1991లో అచ్చయిన ఒక ప్రసంగంలో చెప్పుకున్నారు. ఈరోజు పడాల్సిన శ్రమ కళ్లెదుటే ఉంటుంది కాబట్టి కొండంత కనిపిస్తుంది. ఒక్కరోజు ఆపితే వచ్చే నష్టం ఆవగింజంత కనిపిస్తుంది. అలా ఆవగింజలు ఎనిమిది నెలలు పోగుపడ్డాయి. ఆ ప్రసంగం చదివిన రోజు, మూసిన గదిలో ఎవరో కిటికీ తీసినట్టనిపించింది నాకు.

కరపత్రంలో నేను ‘ఐదు సూత్రాలు’ చెబుతానని వేశారు. రాసుకొచ్చాను కూడా. కానీ సమయం అయిపోవచ్చింది, ఐదూ చెప్పను. తల్లిదండ్రులూ, ఉపాధ్యాయులూ ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి ఒక్కటి మీతో గట్టిగా చెప్పాలి. 2010లో మైకేల్ వోల్, ఆయన సహచరులు తొలి ఏడాది విద్యార్థులను పరిశీలించారు. మొదటి పరీక్షకు చదవడం వాయిదా వేసినవాళ్లలో, ‘సరే, తప్పయింది’ అని తమను తాము క్షమించుకున్నవాళ్లు తర్వాతి పరీక్షకు తక్కువ వాయిదా వేశారు. దయచేసి వినండి. తిట్టడం మందు కాదు. పిల్లవాడు పుస్తకం తీయకపోతే “సోమరిపోతు” అనకండి. “ఇందులో నీకు ఏది కష్టంగా ఉంది?” అని పక్కన కూర్చుని అడగండి. దిగులు మరీ ముదిరి ఏ పనీ ముట్టుకోలేని స్థితిలో ఉన్నవాళ్లు ఉంటారు. వాళ్లను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, ఉపన్యాసాలకు తీసుకురాకండి.

ఇంకొకటి, నాకు పనికొచ్చింది. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వవేత్త చెప్పిన పద్ధతి: ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తానో ముందే ముడిపెట్టుకోవడం. ‘ఈ వారం ముందుమాట రాస్తాను’ అనుకుంటే ఆ వారం ఎప్పటికీ రాదు. ‘రేపు పళ్లు తోముకోగానే ఆ కవరు దారం విప్పి కాగితాలు బల్ల మీద పరుస్తాను’ అనుకోవాలి. అంతే, రాయక్కర్లేదు. దారం విప్పడానికి ఎవరికీ భయం వేయదు. విప్పాక ఒక వాక్యం దానంతటదే వస్తుంది, ఎంత చెత్తదైనా సరే, రానివ్వాలి. ఆ రోజుల్లో నాకీ చిన్న సంగతి ఎవరైనా చెప్పి ఉంటే!

పుస్తకం వచ్చిన రెండేళ్లకు గానీ వాడికి ఫోన్ చేసే ధైర్యం రాలేదు. క్షమాపణ చెప్పబోతుంటే మధ్యలోనే ఆపాడు. “రాయకపోతే పోనీరా. ఫోనెందుకు ఎత్తలేదు? ఏమైందోనని నెల రోజులు కంగారు పడ్డాను” అన్నాడు. వాడికి కావాల్సింది రెండు పేజీలని నేను రెండున్నరేళ్లు అనుకుంటూ గడిపాను.

మీ అందరి జేబుల్లోనూ ఒక పేరు ఉంది. ఎవరి ఫోన్ మోగితే చూసి వదిలేస్తున్నారో, ఎవరికి జవాబు బాకీ ఉన్నారో ఆ పేరు. ఫోన్ బయటికి తీయండి. పని పూర్తి చేయమనడం లేదు. “ఇంకా చేయలేదు, కానీ నిన్ను మర్చిపోలేదు” అని ఒక్క ముక్క పంపండి. నాకింకా రెండు నిమిషాలున్నాయట. ఆ రెండు నిమిషాలూ మీవి, నేను ఇక్కడే నిలబడి ఉంటాను.