మాంట్‌గోమరీలో ఆ ఏడాది కార్లు ఎలా నడిచాయి

శ్రోతలకు నమస్కారం. అమెరికాలో నల్లజాతి వారి పౌరహక్కుల పోరాటం అనగానే రోజా పార్క్స్ గుర్తొస్తారు, మార్టిన్ లూథర్ కింగ్ గుర్తొస్తారు. ఈ పూట నేను వాళ్ళ గురించి తక్కువ, కార్ల గురించి ఎక్కువ మాట్లాడతాను. ఒక ఊరి నల్లవారంతా ఏడాదికి పైగా సిటీ బస్సులు మానేసినప్పుడు వాళ్ళను పనికి చేర్చిన కార్లు అవి. ఎవరి కారు, ఏ మూల ఆగింది, ఎన్ని గంటలకు బయల్దేరింది, దాని బీమా ఎవరు కట్టారు అన్నవే నా సంగతులు.

ఊరు మాంట్‌గోమరీ, అలబామా రాష్ట్ర రాజధాని. అక్కడి సిటీ బస్సులో 36 సీట్లు. ముందు 10 తెల్లవారివి. ఖాళీగా ఉన్నా సరే, నల్లవారు నిలబడే వెళ్ళాలి. నడిమి సీట్లు ఎవరివో డ్రైవరు ఇష్టం. నల్లవారు ముందు తలుపు దగ్గర చిల్లర వేసి, కిందికి దిగి, వెనక తలుపు నుంచి ఎక్కాలి. వాళ్ళు వెనక్కి నడిచే లోపే బస్సు కదిలిపోవడమూ ఉండేది. డబ్బులు పోయినట్టే. ఆ బస్సులెక్కే ప్రతి నలుగురిలో ముగ్గురు నల్లవారే, గమనించండి!

1955 డిసెంబరు 1, గురువారం. రోజా పార్క్స్ సీటు వదలనన్నారు, అరెస్టయ్యారు. ఆ రాత్రే జో ఆన్ రాబిన్సన్ అనే కాలేజీ టీచరు తన కాలేజీలో కాగితాలకు నకళ్ళు తీసే సైక్లోస్టైల్ మిషను దగ్గర కూర్చున్నారు. ఒక్కో కాగితం మీద మూడు కరపత్రాలు పట్టేలా కొట్టి, తెల్లారేసరికి వేల కొద్దీ తీశారు. సోమవారం ఎవరూ బస్సెక్కవద్దు అన్నదే కబురు. ఒక్క రోజు మాటే అది. సోమవారం బస్సులు ఖాళీగా తిరిగాయి. ఆ సాయంత్రం హోల్ట్ స్ట్రీట్ చర్చి నిండిపోయి జనం వీధిలో నిలబడ్డారు. ఇంకా కొనసాగిద్దాం అన్నారు.

కొనసాగిద్దాం అనడం తేలికే. మంగళవారం పొద్దున్నే పనిలోకి ఎలా వెళ్ళాలి? రోజూ బస్సెక్కే నల్లవారు 17,000 పైమాటే. వారిలో చాలామంది తెల్లవారి ఇళ్ళలో వంట చేసే, పిల్లల్ని చూసుకునే ఆడవాళ్ళు. పని ఊరికి ఒక కొసన, ఇల్లు ఇంకో కొసన.

మొదట్లో నల్లవారి టాక్సీలు ఆదుకున్నాయి. బస్సు టికెట్టు 10 సెంట్లు, టాక్సీలూ తలకు 10 సెంట్లే తీసుకున్నాయి. పోలీసు కమిషనరు పాత చట్టం ఒకటి బయటికి తీశాడు. టాక్సీకి కనీస ఛార్జీ 45 సెంట్లు, తగ్గించి తీసుకుంటే నేరం. ఆ దారి మూసుకుపోయింది.

అప్పుడు ఈ పోరాటానికి నాయకుడైన కింగ్ లూసియానా రాష్ట్రంలోని బాటన్ రూజ్‌కు ఫోన్ చేశారు. అక్కడ 1953లో పాస్టరు జెమిసన్ నాయకత్వంలో కొద్ది రోజులు బస్సులు మానేసి, సొంత కార్లతో జనాన్ని తిప్పారు. ఎలా తిప్పారో ఆయన వివరంగా చెప్పారు. నన్నడిగితే, ఆ ఫోన్ కాల్‌కు దక్కాల్సినంత పేరు దక్కలేదు.

ఇక ఏర్పాటు సంగతి. ముందు కార్లున్న వాళ్ళ పేర్లు రాసుకున్నారు. తొలి సభలోనే 150 మందికి పైగా ముందుకొచ్చారు, పోనుపోను కార్లు 300 దాకా అయ్యాయి. తర్వాత దారులు గీయాలి. ఆ పనికి సరైనవాళ్ళు దొరికారు. పోస్టాఫీసు ఉద్యోగులు! ఊళ్ళో ప్రతి సందూ తెలిసినవాళ్ళు. పటం ముందేసుకుని పొద్దుటి స్టాండ్లు 48, సాయంత్రం స్టాండ్లు 42 గుర్తించారు. పొద్దుటివి ఎక్కువగా నల్లవారి చర్చీల దగ్గర. ఆరింటికే చర్చి తలుపులు తెరిస్తే చలిలో వణక్కుండా లోపల కూర్చోవచ్చు. ఊరి నడుమ నల్లవారి చేతిలో ఉన్న ఒక పార్కింగ్ స్థలం, కారు మారేవాళ్ళందరికీ అదే కూడలి.

మన షేర్ ఆటో లాంటిదే కదా అనుకుంటారేమో. ఒక్క తేడా ఉంది, అదే అన్నిటికన్నా ముఖ్యం. ఎక్కినవాళ్ళ దగ్గర ఛార్జీ తీసుకోకూడదు. తీసుకుంటే లైసెన్సు లేని రవాణా వ్యాపారం అని కేసు పెడతారు. అందుకే పెట్రోలుకు, మరమ్మతులకు డబ్బు వేరే దారిలో రావాలి. చర్చి సభల్లో చందాలు, బయటి ఊళ్ళ నుంచి విరాళాలు. జార్జియా గిల్మోర్ అనే వంటామె తోటి ఆడవాళ్ళతో కలిసి చికెన్ శాండ్‌విచ్‌లు, కేకులు, పైలు చేసి అమ్మి, ఆ డబ్బు సభలో ఇచ్చేవారు. డబ్బు ఎక్కడిదంటే ఎక్కడిదీ కాదు అనేవారు, జట్టుకే ‘ఎక్కడిదీ కాని క్లబ్బు’ అని పేరు. వండిన చేతుల పేర్లు బయటపడితే యజమాని ఇంట్లో ఉద్యోగం పోతుంది మరి.

పోలీసులు ఊరుకున్నారా? కార్ల వెంటపడ్డారు. 25 మైళ్ళ వేగం దాటకూడని చోట 30లో నడిపారని కింగ్‌నే 1956 జనవరి 26న అరెస్టు చేశారు. మేయరు గేల్ తెల్ల ఇల్లాళ్ళను బతిమాలుకున్నాడు, మీ పనిమనుషుల్ని మీ కార్లలో తీసుకురాకండి అని. ఆ ఇల్లాళ్ళలో చాలామంది వినలేదు. మేయరు వచ్చి అంట్లు తోమడుగా!

అసలు దెబ్బ బీమా మీద పడింది. చర్చీల పేరిట స్టేషన్ వ్యాగన్లు, అంటే ఎక్కువ మంది పట్టే పొడుగు కార్లు, కొన్నారు. చక్రాల మీద చర్చీలు అని ముద్దుగా పిలుచుకునేవారు. కారు నడవాలంటే ప్రమాద బీమా ఉండాలి. కంపెనీలు ఇచ్చిన పాలసీ ఇచ్చినట్టే రద్దు చేశాయి. రద్దు చేస్తే బండి షెడ్డులో ఉండాల్సిందే. గొడవ లేదు, లాఠీ లేదు, ఒక ఉత్తరం చాలు. చివరికి అట్లాంటాలోని నల్లజాతి బీమా ఏజెంటు టి.ఎం. అలెగ్జాండర్ లండన్‌లోని లాయిడ్స్ అనే బీమా బజారు నుంచి పాలసీ తెప్పించారు. అలబామా ఒత్తిడి అక్కడిదాకా చేరదు.

ఈలోగా కోర్టులో ఒక కేసు నడుస్తోంది. అరేలియా బ్రౌడర్, సూసీ మెక్‌డొనాల్డ్, క్లాడెట్ కొల్విన్, మేరీ లూయీ స్మిత్ వేసిన కేసు. కొల్విన్ రోజా పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందే, 15 ఏళ్ళ వయసులో సీటు వదలనని అరెస్టయిన పిల్ల. బస్సుల్లో వేరుచేయడం చెల్లదని ఫెడరల్ కోర్టు జూన్‌లో చెప్పింది. నగరం సుప్రీం కోర్టుకెక్కింది.

ఇక నవంబరు 13 చూడండి. ఆ రోజు మాంట్‌గోమరీలో వేరే విచారణ. కార్లు ఆపించాలని, బస్సుల మీద వచ్చే పన్ను పోయింది కనుక 15,000 డాలర్ల పరిహారం కావాలని నగరం అడిగింది. కింగ్ కోర్టు హాల్లోనే ఉన్నారు. విరామంలో ఒక విలేకరి కాగితం ముక్క చేతికిచ్చాడు. సుప్రీం కోర్టు కింది కోర్టు తీర్పును ఖాయం చేసింది! అయినా అదే రోజు ఇక్కడి జడ్జి కార్లు ఆపాలని ఉత్తర్వు ఇచ్చాడు. గెలిచిన రోజే బళ్ళు ఆగాయి. సుప్రీం కోర్టు కాగితం ఊరు చేరేదాకా ఐదు వారాలు. ఆ ఐదు వారాలు నడిచారు. ఇరుగుపొరుగు కార్లలో సర్దుకున్నారు, నడిచారు.

ఆ వారాల్లో ఇంకో పని చేశారు, నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. మళ్ళీ బస్సెక్కాక ఎలా మెలగాలో సాధన చేశారు. చర్చిలో వేదిక ముందు కుర్చీలు బస్సులా వరుసగా వేశారు, ముందు డ్రైవరు కుర్చీ. ఒకరు డ్రైవరు, కొందరు తెల్ల ప్రయాణికులు, కొందరు నల్లవారు. తిట్టినా తిరిగి తిట్టకూడదు, తోసినా తోయకూడదు. ఒక్కోసారి వేషం కట్టినవాడు మరీ రెచ్చిపోయేవాడు, అవతలివాడు సాధన మరిచి చెయ్యెత్తేవాడు. ఆపి, మళ్ళీ మొదట్నుంచి. కరపత్రంలో సూచనలూ అచ్చేశారు. వేరే సీటు ఉంటే కావాలని తెల్లవారి పక్కన కూర్చోవద్దు, కూర్చునేటప్పుడు మర్యాదగా అడగండి అని.

డిసెంబరు 20న ఉత్తర్వు వచ్చింది. మర్నాడు తెల్లవారుజామున, 381 రోజుల తర్వాత, కింగ్ ముందు తలుపు నుంచి బస్సెక్కి టికెట్టుకు 15 సెంట్లు ఇచ్చారు. మొదట్లో 10 సెంట్లే. ఖాళీ బస్సులు తిప్పలేక ఛార్జీ పెంచుకున్నారు.