స్లాషర్‌కు షియర్ బోల్టా, స్లిప్ క్లచ్చా?

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే బెంగళూరు ట్రాఫిక్ దాటుకుని మారతహళ్లి దాకా వచ్చి గేర్‌బాక్స్ గురించి వినడానికి కూర్చున్నారంటే, మీకు ఓపికైనా ఎక్కువుండాలి, గేర్‌బాక్స్ అయినా పగిలుండాలి. నవ్వుతున్నవాళ్లది రెండో రకమని అర్థమైంది.

మీలో చాలామంది వారమంతా ఆఫీసులో ఉండి, శనివారం రాత్రికి శ్రీనివాసపురకో చింతామణికో మదనపల్లెకో బయల్దేరేవాళ్లే. మామిడి తోటలో చెట్ల వరసల మధ్య గడ్డి, వయ్యారిభామ కొట్టడానికి ట్రాక్టర్ వెనక రోటరీ స్లాషర్ తగిలిస్తారు. నేను పీణ్యలో గేర్లు కోసే షాపులో 20 ఏళ్లకు పైగా పనిచేశాను. ఈ టేబుల్ మీదున్న గేర్‌బాక్స్ కిందటేడు ఒకాయన కారు డిక్కీలో వేసుకొచ్చాడు. చూడండి, లోపలి పెద్ద పళ్ల చక్రం, క్రౌన్ వీల్‌కు వరసగా మూడు పళ్లు లేవు. కేసింగ్ ఇక్కణ్నుంచి ఇక్కడిదాకా నెర్రె ఇచ్చింది. గడ్డిలో కనబడని మోడు తగిలిందట.

"షియర్ బోల్ట్ లేదా అన్నా?" అన్నాను. దెబ్బ తగిలితే గేర్లకంటే ముందు తానే తెగిపోవాలని, ట్రాక్టర్ నుంచి స్లాషర్‌కు బలం తెచ్చే షాఫ్ట్‌లో పెట్టే బోల్ట్ అది.

"ఎందుకు లేదు, ఉంది. అది తెగనే లేదు!" అన్నాడు, అదేదో బోల్ట్ గొప్పతనమన్నట్టు.

సుత్తితో కొట్టి ఆ బోల్ట్ బయటికి తీశాం. ఇదే అది. తల మీద 12.9 అని ఉంది. మామూలు బోల్ట్ మాటిమాటికీ తెగుతోందని డ్రైవర్ విసుగొచ్చి గట్టి అలెన్ బోల్ట్ బిగించేశాడు. అతన్ని నేను తిట్టను. మంచి సరుకంటే గట్టి సరుకే అని మనమే కదా నేర్పాం.

బోల్ట్ తల మీద అంకెలు ఊరికే వేయరు. చుక్కకు ముందున్న అంకెను వందతో గుణిస్తే ఆ ఉక్కు ఎంత లాగుడుకు తెగుతుందో మెగాపాస్కల్స్‌లో వస్తుంది. 4.6 బోల్ట్ 400, 12.9 బోల్ట్ 1,200. సైజు అదే, బలం మూడింతలు. బోల్ట్ తెగాల్సిన చోట ఈసారి గేరు పళ్లు తెగాయి. మాన్యువల్‌లో 4.6 అని ఉంటే 4.6, 8.8 అని ఉంటే 8.8. బోల్ట్ పొడవు కూడా మాన్యువల్ ప్రకారమే ఉండాలి. తెగాల్సిన చోట బోల్ట్‌కు మరలు కోసిన భాగం పడితే లెక్కకంటే ముందే తెగుతుంది.

దెబ్బ ఎంతుంటుందో ఒక లెక్క చూద్దాం. పీటీవో దగ్గర, అంటే ట్రాక్టర్ వెనక పనిముట్లను తిప్పే షాఫ్ట్ దగ్గర, 40 హెచ్‌పీ వచ్చే ట్రాక్టర్, షాఫ్ట్ నిమిషానికి 540 చుట్లు. అంటే టార్క్, షాఫ్ట్ తిప్పే బలం, దాదాపు 530 న్యూటన్ మీటర్లు. మీటరు పొడవు కడ్డీ చివర 54 కిలోల బస్తా వేలాడదీసినట్టు. ఇది సాఫీగా నడుస్తున్నప్పటి లెక్క. మోడు తగిలిన క్షణంలో ఇంజిన్ ఫ్లైవీల్, తిరుగుతున్న ప్రతి ముక్కా తమ వేగాన్నంతా ఒక్కసారిగా షాఫ్ట్ మీదికి తోస్తాయి. టార్క్ దీనికి కొన్ని రెట్లు లేస్తుంది. 5 అడుగుల స్లాషర్‌లో బ్లేళ్లు నిమిషానికి 1,000 చుట్లు తిరిగితే, బ్లేడు కొస వేగం గంటకు 280 కిలోమీటర్లు దాటుతుంది. అందుకే బ్లేళ్లను బిగించకుండా ఒక్కో బోల్ట్ మీద తిరిగేలా పెడతారు. రాయి తగిలితే బ్లేడు వెనక్కి మడుచుకుంటుంది. మొదటి కాపలా అదే. సీజన్ మొదట్లో ట్రాక్టర్ ఆపి, స్లాషర్ కింద గట్టి దిమ్మెలు పెట్టి, బ్లేడును చేత్తో తిప్పి చూడండి. బిగుసుకుపోయి ఉంటే మిగతా రక్షణంతా ఒక్క షియర్ బోల్ట్ మీదే పడుతుంది.

ఇక స్లిప్ క్లచ్. బ్రేక్ లైనింగ్ లాంటి పలకలను స్ప్రింగులు అదిమిపెట్టి ఉంటాయి. హద్దు దాటితే పలకలు జారతాయి, బరువు తగ్గగానే మళ్లీ పట్టుకుంటాయి. ట్రాక్టర్ దిగక్కర్లేదు, స్పానర్ వెతకక్కర్లేదు. వినడానికి హాయిగా ఉంది కదా? నా దగ్గరికి వచ్చిన స్లిప్ క్లచ్‌లలో సగానికి పైగా అసలు జారే స్థితిలోనే లేవు. వానాకాలంలో రెండు నెలలు వాడి, మిగతా ఏడాదంతా షెడ్డు పక్కన వానకూ మంచుకూ వదిలేస్తే పలకలు తుప్పుతో అతుక్కుపోతాయి. ఇక అది క్లచ్ కాదు, ఉక్కు దిమ్మె.

దీనికి పరీక్ష సుద్దముక్కతో అయిపోతుంది. ముందు స్ప్రింగుల పొడవు కొలిచి రాసుకోండి. పలకలన్నిటి అంచుల మీదుగా అడ్డంగా ఒక గీత గీయండి. ఒక్కో నట్టు రెండు చుట్లు వదులు చేయండి. గార్డు తిరిగి పెట్టి, అందరినీ దూరంగా పంపి, ఇంజిన్ తక్కువ స్పీడులో ఉండగా పీటీవో రెండు మూడు సెకన్లు వేసి ఆపండి. అంతా ఆగాక గీత ముక్కలై పక్కకు జరిగి కనిపిస్తే పలకలు వదిలినట్టు. గీత చెక్కుచెదరకుండా ఉంటే విప్పి తుప్పు గీకాల్సిందే. తర్వాత నట్లను పాత కొలతకే బిగించాలి, పిసరంత కూడా ఎక్కువ వద్దు. నడిచేటప్పుడు కాలిన వాసనో పొగో వస్తే, క్లచ్ మరీ వదులైనా అయ్యుండాలి, అడవంత గడ్డిని మీరు ఒకేసారి మింగించైనా ఉండాలి.

మరి ఏది కొనాలి? అందరూ నేల ఎలా ఉందని అడుగుతారు. నేను ముందు అడిగేది, మీ స్లాషర్ ఏడాదిలో ఎన్ని నెలలు ఖాళీగా పడుంటుందని. వారాంతపు రైతుకు నా ఓటు షియర్ బోల్ట్‌కే. ఖాళీగా పడుంటే దానికి పెద్దగా నష్టం లేదు. ఏడాదికోసారి ఆ బోల్ట్ కూర్చునే హబ్బుకు గ్రీజు కొడితే చాలు. గ్రీజు లేక హబ్బు పట్టేస్తే మాత్రం బోల్ట్ తెగినా ఉపయోగం ఉండదు, షాఫ్ట్ అలాగే లాగుతూ పోతుంది. డజను సరైన బోల్టులు కొని టూల్ బాక్సులో పెట్టండి. డ్రైవర్ చేతికి సరైనది అందుబాటులో ఉంటే తప్పుది వెతకడు. అదే రోజూ బాడుగకు తిప్పే బండి, సర్కారు తుమ్మ నరికిన మోళ్ల మధ్య పని అయితే, గంటకో బోల్ట్ మార్చలేరు. అక్కడ స్లిప్ క్లచ్ పెట్టిన డబ్బు తిరిగొస్తుంది, సుద్ద పరీక్ష చేస్తేనే సుమా.

బోల్ట్ తెగే, క్లచ్ జారే హద్దును ట్రాక్టర్ హెచ్‌పీ చూసి పెట్టకండి. స్లాషర్ గేర్‌బాక్స్, ట్రాక్టర్ పీటీవో, రెండింట్లో ఏది బలహీనమో దాన్ని చూసి పెట్టాలి. పెద్ద స్లాషర్‌కు చేసిన బోల్టును మినీ ట్రాక్టర్ వెనక వాడితే, తెగేది ట్రాక్టర్ లోపలి గేరు కావచ్చు. నవంబరులో బెంగళూరు వ్యవసాయ వర్సిటీ జీకేవీకేలో కృషి మేళాకు వెళ్తే స్టాల్‌లో ధరకంటే ముందు ఈ ముక్క అడగండి.

పాత షాఫ్ట్‌కు క్లచ్ తగిలిస్తే పొడవు పెరుగుతుంది. హైడ్రాలిక్‌తో స్లాషర్ ఎత్తినప్పుడు షాఫ్ట్ లోపలి గొట్టం వెళ్లి బయటి గొట్టం చివరకు తన్నితే పీటీవో బేరింగ్ పోతుంది. ముందు కొలిచి గొట్టం కోయించండి. క్లచ్ స్లాషర్ వైపే ఉండాలి, ట్రాక్టర్ వైపు కాదు. ఇంకోటి, చక్రాలకూ పీటీవోకూ ఒకే క్లచ్ ఉన్న పాత ట్రాక్టర్లలో మీరు పెడల్ తొక్కినా తిరుగుతున్న బ్లేళ్లే ట్రాక్టర్‌ను ముందుకు నెడతాయి. చెట్టు ముందు ఆగలేకపోయిన వాళ్లకు తెలుసు. దానికి బ్లేళ్ల బలాన్ని ట్రాక్టర్‌కు వెనక్కి రానివ్వని ఓవర్‌రన్నింగ్ కప్లర్ వేరే కొనుక్కోవాలి. షియర్ బోల్ట్ గానీ స్లిప్ క్లచ్ గానీ ఆ పని చేయవు.

బోల్ట్ తెగిందని వెనక్కి వెళ్లి వంగే ముందు పీటీవో తీసి, ఇంజిన్ ఆపి, తాళం చెవి జేబులో ఉందో లేదో తడిమి చూసుకోండి. బోల్ట్ తెగాక కూడా బ్లేళ్లు కాసేపు తిరుగుతూనే ఉంటాయి. వెనక వరసలో అమ్మా, మీరు ఇందాకట్నుంచీ చెయ్యెత్తే ఉన్నారు, అడగండి.